సోలార్ ప్యానెల్ షీట్ అడుగున ఉండే చిన్న అక్షరాలకు అర్థం ఏమిటి?

540 వాట్ల ప్యానెల్‌తో కంపెనీ ఇచ్చే వివరాల కాగితం (డేటాషీట్) అడుగున "ఈ విలువలు ఎస్‌టీసీలో కొలిచినవి", "వివరాలు ముందుగా చెప్పకుండా మారవచ్చు" అని ఉంది, ఇదంతా కంపెనీ తప్పించుకోవడానికేనా అని అడిగారు. ఒకేచోట రాసినా ఆ రెండు వాక్యాల పని వేరు. మొదటిది మీకు చాలా పనికొస్తుంది. అది పట్టించుకోకే నేను ఇబ్బంది పడ్డాను.

మాది ఖమ్మం. మేడ మీద 540 వాట్లవి ఆరు ప్యానెళ్లు వేయించాను, మొత్తం 3240 వాట్లు. మే నెలలో మిట్టమధ్యాహ్నం చూస్తే ఇన్వర్టర్‌లో కనిపించే పవర్ 2400 వాట్లు దాటడం లేదు. ఇంత ఎండలో రానిది ఇంకెప్పుడు వస్తుందని టెన్షన్ పట్టుకుంది. బిగించిన అబ్బాయిని రెండుసార్లు పిలిపించాను, ప్యానెళ్లు కడిగించాను, వైర్లు చెక్ చేయించాను. ఎక్కడా లోపం లేదు.

అప్పుడు ఆ షీట్ ముందేసుకుని కూర్చున్నాను. ఎస్‌టీసీ అంటే ల్యాబ్‌లో పరీక్షించే షరతులు: చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు. ఆ 25 బయటి గాలిది కాదండీ, ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సెల్‌ది. మా ఊళ్లో మేలో నీడలోనే 42, 43 ఉంటుంది. ఎండలో కాగే ప్యానెల్ 65కి చేరుతుంది. సెల్ వేడి 25 దాటాక ప్రతి డిగ్రీకీ 0.35 శాతం పవర్ తగ్గుతుందని అదే షీట్‌లో ఉంది. 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం, అంటే 3240 కాస్తా 2790 దగ్గరికి వచ్చేసింది. ఇక దుమ్ము, ఆకాశంలో మసక, వైర్లలోనూ ఇన్వర్టర్‌లోనూ పోయేది తీసేస్తే లెక్క కుదిరింది. ఫిబ్రవరిలో వాన వెలిసిన ఒక మధ్యాహ్నం అవే ప్యానెళ్లు 2700 దాటాయి.

షీట్‌లో ఎస్‌టీసీ పక్కనే ఎన్‌ఎంఓటీ (ప్యానెల్ బయట పనిచేసేటప్పటి లెక్క) అనే కాలమ్ కూడా చూడండి. 800 వాట్ల వెలుతురు, బయట 20 డిగ్రీలు, కొద్దిపాటి గాలి ఉన్నప్పటి విలువలవి. మా ప్యానెల్‌కి అక్కడ 405 వాట్లే ఉంది. మన మేడకి అది అచ్చంగా సరిపోదు, అయినా పెద్ద అక్షరాల్లోని 540 కంటే రోజూ కనిపించే అంకెకి చాలా దగ్గర.

రెండో వాక్యం మాత్రం కంపెనీ తన కోసం రాసుకున్నదే. మాకు కొటేషన్‌లో ఒక మోడల్ చెప్పి ఇంకోటి తెచ్చారు. వాట్లు అంతే, సైజు వేరు కావడంతో స్ట్రక్చర్‌కి (ప్యానెళ్లు బిగించే ఫ్రేముకి) రంధ్రాలు కలవలేదు. అడిగితే ఈ వాక్యం చూపించారు. షీట్‌లో ఏది మారినా మీకిచ్చిన కొటేషన్ మారదు కదా. నేను ఆ కాగితం పట్టుకుని గట్టిగా నిలబడితే వాళ్ల ఖర్చుతోనే స్ట్రక్చర్ సరిచేశారు. అందుకే మోడల్ నంబర్ కొటేషన్‌లోనూ బిల్లులోనూ రాయించుకోండి.

ప్రకటనల సంగతి వేరు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. డిస్‌క్లెయిమర్ (ప్రకటన కింద చిన్నగా రాసే షరతు) అసలు మాటను వివరించవచ్చు గానీ దాన్ని కాదనకూడదు, ముఖ్యమైన విషయాన్ని దాచకూడదు. పైన తెలుగులో చెప్పి కింద ఇంగ్లిష్‌లో షరతు పెట్టడమూ కుదరదు.

వారంటీ కాగితం విడిగా అడిగి తీసుకోండి. 25 ఏళ్ల పవర్ హామీ కూడా మామూలుగా ఎస్‌టీసీ లెక్కలోనే ఉంటుంది, కాబట్టి మేడ మీద 2400 వచ్చిందని చూపిస్తే క్లెయిమ్ ఒప్పుకోరు.

మీ షీట్‌లో ఆ 0.35 ఉన్నచోట ఎంత ఉందో, మీది ఏ ఊరో రాయండి. మే నెలకి లెక్క వేసి చెబుతాను.