పులికాట్ పోయే ముందు

చిరంజీవి రమణకు, పెదనాయన ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని పక్షులు చూడ్డానికి పులికాట్ సరస్సుకు తీసుకుపోతానన్నావు, సంతోషం. కానీ నీ ప్లాన్‌లో ఒకే రోజు శ్రీకాళహస్తి దర్శనం, నేలపట్టు పక్షుల కేంద్రం, తడ దగ్గర బోటింగ్, పులికాట్ అన్నీ ఉన్నాయి. దర్శనం, బోటింగ్ ఇంకోసారికి పెట్టుకో. పక్షుల్ని చూడాలంటే ఒకచోట ఓపిగ్గా నిలబడాలి.

తిరుపతిలో తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి. నాయుడుపేట మీదుగా పోతే ముందు నేలపట్టే తగులుతుంది. అయినా ఆగొద్దు. నేరుగా సూళ్లూరుపేట పోయి శ్రీహరికోట రోడ్డెక్కండి. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఎండ ముదిరితే దూరంగా ఉన్నవి కొంగలో రాజహంసలో (ఫ్లెమింగోలు) తేల్చుకోలేం. వాహనాలు జోరుగా వస్తుంటాయి, కారు పూర్తిగా పక్కకు దించి ఆపు. బైనాక్యులర్ ఎవరినైనా అడిగి తెచ్చుకో. రాజహంసలు లోతులేని నీళ్లలో కాళ్లతో బురద కెలుకుతూ, ముక్కు తలకిందులుగా పెట్టి మేత వడగట్టుకుంటాయి. ఆ గులాబీ రంగు తినే మేత నుంచి వచ్చిందే. గుంపులో బూడిద రంగువి వేరే జాతి అనుకునేవు, అవి ఇంకా రంగు తేలని పిల్లలు.

రాకెట్ ప్రయోగం రోజు మాత్రం వద్దు. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లోనూ వద్దు, తిరునాళ్లే అది.

మధ్యాహ్నం తిండి కానిచ్చి నేలపట్టుకు తిరిగి రండి. చెరువు నీళ్లలోనే కడప అనే రకం చెట్లు, వాటి నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. వాచ్‌టవర్ ఎక్కి ఒక్క గూటినే చూడమని పిల్లలకు చెప్పు. మేతకు పోయిన పెద్దపక్షి రాగానే పిల్ల దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చేస్తుంది. కొత్తవాళ్లకు మింగేస్తోందేమో అనిపిస్తుంది! రెట్ట వాసన గుప్పుమంటుంది, ముక్కు మూసుకోవద్దను. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఇంటివాటిలా చూసుకుంటారు. అక్కడ కేకలు, బ్లూటూత్ పాటలు వద్దే వద్దు. పెద్దపక్షులు బెదిరి లేచాయంటే గుడ్ల మీదికి కాకులు దిగుతాయి.

ఈశాన్య వానలు సరిగ్గా పడని ఏడు సరస్సులో నీళ్లు తగ్గి పక్షులు పలచబడతాయి. సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లుంటే ముందు ఫోన్ చేసి కనుక్కో. నీళ్ల బాటిళ్లు, టోపీలు మర్చిపోవద్దు, ఆ రోడ్డు మీద నీడ ఉండదు.

మీ పెదనాయన