మీ నాన్న రానీ, చెప్తా నీ పని

*ఉత్తరం:* అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. ఆయనకి రొయ్యల చెరువులు. బాబు ఎనిమిదో తరగతి. నెల క్రితం బడిలో తోటి పిల్లాడిని కొడితే పెదవికి రెండు కుట్లు పడ్డాయి. ఇంట్లో చెల్లెల్నీ కొడతాడు. వాళ్ళ నాన్నకి చెబితే బెల్టు తీస్తారు. రెండు రోజులు బుద్ధిగా ఉంటాడు, మళ్ళీ మామూలే. నేను మాత్రం ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. చదువు గాలికొదిలేసి వీధికుక్కకి పెరుగన్నం పెడుతూ కూర్చుంటాడు. విజయవాడ హాస్టల్లో వేస్తే దారిలో పడతాడా?

*జవాబు:* అమ్మా, హాస్టల్ వద్దు. అక్కడ కొట్టడం మానడు, పెద్దలకి తెలియకుండా కొట్టడం నేర్చుకుంటాడు. ఆ సంగతి ఇక వదిలేయండి.

బెల్టు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బాండురా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ఎదుట ఒక పెద్దమనిషి చేత గాలిబొమ్మని బాదించాడు. తర్వాత వాళ్ళలో చాలామంది ఆ బొమ్మని అలాగే బాదారు, కొందరైతే అవే మాటలంటూ. మీవాడు చూడటమే కాదు, దెబ్బలు తింటున్నాడు కూడా. రొయ్య రేటు పడిపోయినా, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయినా ఆ టెన్షన్ వాడి వీపు మీద దిగకూడదు.

కానీ ఉత్తరం రాసింది మీరు. ‘నేను చెయ్యి ఎత్తలేదు’ అన్నారు. ఎత్తే అవసరం మీకేముంది? పగలంతా ‘మీ నాన్న రానీ’ అంటారు. ఆయన చెరువు దగ్గర్నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపే చిట్టా విప్పుతారు. బెల్టు ఆయనదే, పిలుపు మాత్రం మీది. పిల్లాడికి ఆ సంగతి బాగా తెలుసు.

డయానా బామ్‌రిండ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో పెంపకాల్ని మూడు రకాలుగా చూసింది: హుకుం, గారాబం, హద్దు పెడుతూనే పిల్లల మాట వినడం. మీ ఇంట్లో పగలు గారాబం, రాత్రి హుకుం. ఆవిడ మెచ్చిన మూడోది ఎవరూ చెయ్యట్లేదు.

ఇకనుంచి వాడు చెల్లెల్ని కొడితే అప్పటికప్పుడు మీరే చెయ్యి పట్టుకుని ఆపండి. దానికి ఎక్కడ తగిలిందో వాడిచేతే చూపించండి, ఆ పూటకి ఫోన్ తీసేసుకోండి. రాత్రి ఆయన అడిగితే ‘నేను చూసుకున్నానండి’ అనండి, వాడికి వినపడేలా. ‘నీకేం తెలుసు’ అని ఆయన కేకలేస్తారు. వేయనివ్వండి, మీరు మాత్రం అక్కడే నిలబడండి. తండ్రి ఎదుట నోరెత్తని తల్లి మాటని ఆ వయసు కొడుకు లెక్కచేయడు. ఇది నేను గట్టిగా నమ్మే విషయం.

కుట్లు పడ్డ పిల్లాడి ఇంటికి మీరెవరైనా వెళ్ళారా? రాయలేదు కాబట్టి వెళ్ళలేదనే అనుకుంటున్నాను. ఈ ఆదివారం వాడిని తీసుకెళ్ళండి. గుమ్మంలోనే మీరు క్షమాపణ చెప్పేసి వాడిని తప్పించకండి, వాడినే మాట్లాడనివ్వండి. ఆ పెదవితో పిల్లాడు అన్నమెలా తిన్నాడో వాళ్ళమ్మ చెబుతుంది. వాడు కూర్చుని వినాలి.

వింటాడనే నా నమ్మకం. వీధికుక్క ఆకలి కనిపెట్టి పెరుగన్నం కలిపేవాడు వాడు. దాన్ని కూడా నేరాల జాబితాలో రాశారు చూడండి! రేపట్నుంచి ఆ అన్నం మీరే కలిపి ఇవ్వండి.

ఇది మీ ఆయనకి చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూపిస్తే మాత్రం మొత్తం చూపించండి, బెల్టు ముక్క ఒక్కటే కాదు.