బ్యాక్టీరియల్ మెనింజైటిస్ తగ్గాక పిల్లల్లో ఏ సమస్యలు మిగలొచ్చు?

బ్యాక్టీరియల్ మెనింజైటిస్ అంటే బ్యాక్టీరియా వల్ల మెదడు చుట్టూ ఉండే పొరలకు వచ్చే ఇన్ఫెక్షన్. దీన్నుంచి చాలామంది పిల్లలు బాగానే కోలుకుంటారు. కొందరికి మాత్రం సమస్యలు మిగిలిపోతాయి, అందులో ఎక్కువగా కనిపించేది వినికిడి లోపం, ఎందుకంటే ఇన్ఫెక్షన్ లోపలి చెవి దాకా పాకి అక్కడి సున్నితమైన కణాలను దెబ్బతీస్తుంది. పసిపిల్లలు వినపడట్లేదని చెప్పలేరు కదా, అందుకే డిశ్చార్జికి ముందే, కుదరకపోతే 4 వారాల్లోపు వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. ఆలస్యమైతే కొందరికి కాక్లియాలో, అంటే లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగంలో, ఎముక పెరిగి పూడుకుపోతుంది, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడేలా చేసే పరికరం) అమర్చడం చాలా కష్టం. ఫిట్స్, కాళ్లూ చేతుల్లో బలహీనత, మాటలు ఆలస్యం కావడం కూడా ఉండొచ్చు. చదువు, ఏకాగ్రతల్లో ఇబ్బంది ఒక్కోసారి బడికెళ్లాకే బయటపడుతుంది, అప్పుడు దయచేసి పిల్లాణ్ణి మొద్దు అని తిట్టకండి, పాత జబ్బు సంగతి డాక్టరుకీ టీచరుకీ చెప్పండి. న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెనింజైటిస్ వస్తే ముప్పు ఇంకా ఎక్కువ. ఆ బ్యాక్టీరియా నుంచి కాపాడే పీసీవీ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో 6, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగానే వేస్తారు.