దుబాయ్ ఖాతా సంగతి తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 1.65 లక్షలు చేతికి వస్తుంది. కూకట్‌పల్లి ఇంటి లోన్ ఇంకా 34 లక్షలుంది, ఈఎంఐ 48 వేలు. దాంతో కలిపి ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు అన్నీ 1.25 లక్షలు అవుతాయి. 20 వేలు సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో) వేస్తున్నాను. 2022లో తెనాలి దగ్గర మా వాటా పొలం అమ్మి, దుబాయ్‌లోని జేవీసీ అనే ప్రాంతంలో 420 చదరపు అడుగుల స్టూడియో ఫ్లాట్ కొన్నాను. షార్జాలో ఉండే మా బావమరిది ఇన్నాళ్లూ అద్దె తీసుకుని, దాంట్లోంచే బిల్లులు కట్టేవాడు. అయిదు నెలలుగా ఫ్లాట్ ఖాళీ. రెండు క్వార్టర్ల సర్వీస్ ఛార్జీ (భవనం నిర్వహణకు కట్టేది) బాకీ పడింది, నోటీసు వచ్చింది. సొంతంగా అక్కడ ఖాతా తెరుద్దామంటే ఒక బ్యాంకు 50 వేల దిర్హాముల మినిమం బ్యాలెన్స్ అడుగుతోంది. 4 లక్షల ఎఫ్‌డీ తీసి, మిగతా 8 లక్షలు ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ తీసుకుందామని అనుకుంటున్నాను. లేదంటే బావమరిదే కట్టేస్తాడట, ఇక్కడ మా అత్తగారికి రూపాయల్లో ఇస్తే చాలంటున్నాడు. కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. ఏ బ్యాంకులో ఖాతా తెరిస్తే మేలు? - ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దుబాయ్ ఫ్లాట్ ఎన్ని అడుగులో, బ్యాంకు ఎంత అడిగిందో అన్నీ వివరంగా రాశారు. రేపు ఉద్యోగం పోతే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే దేంతో నెట్టుకొస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఉన్న 4 లక్షల ఎఫ్‌డీని కూడా దుబాయ్‌కి పంపేద్దామంటున్నారు. విదేశాల్లో ఇల్లు కొన్నవాళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి. మీరు చేయబోయే పొరపాటే అందరూ చేస్తున్నారు. అందుకే మీకు కాస్త గట్టిగానే జవాబు రాస్తున్నాను.

ముందు మీ అసలు బాకీ ఎంతో చూద్దాం. చదరపు అడుగుకు ఏడాదికి 16 దిర్హాములు వేసుకున్నా మీ సర్వీస్ ఛార్జీ 6,720 దిర్హాములు. రెండు క్వార్టర్లకు 3,360. దిర్హాము 24 రూపాయల లెక్కన 80,640 రూపాయలు. ఈ 80 వేల బాకీ తీర్చడానికి మీరు 12 లక్షలు పరాయి దేశంలో పడేయబోతున్నారు. అందులో 8 లక్షలు అప్పు! 13 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు 18,200 కట్టాలి. మొదటి ఏడాది వడ్డీయే 97 వేల దాకా అవుతుంది. బాకీ కన్నా వడ్డీ ఎక్కువ. అయిదేళ్లలో వడ్డీ కిందే 2.9 లక్షలు పోతుంది. అక్కడ ఖాతాలో ఆ డబ్బు మినిమం బ్యాలెన్స్ పేరుతో కదలకుండా పడి ఉంటుంది, ఇక్కడ మీ జీతంలో 40 శాతం ఈఎంఐలకే పోతుంది. సిప్ కట్టాక చేతిలో మిగిలేది రెండు వేలు కూడా ఉండదు. ఫోన్‌కి ‘మీ కోసం 8 లక్షలు సిద్ధం’ అని మెసేజ్ వచ్చినంత మాత్రాన ఆ డబ్బు మీది అయిపోదు. ఆ మెసేజ్ తీసేయండి.

పైగా ఈ అప్పు నిబంధనల ప్రకారం కూడా కుదరదు. మనం ఇక్కడి నుంచి డబ్బు పంపేది రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీం) కింద. మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. బయట ఖాతా తెరవడానికీ అనుమతి ఉంది. కానీ అక్కడ ఖాతాలో వేయడం, ఆస్తి కొనడం లాంటి మూలధన లావాదేవీల కోసం బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని అందులోనే ఉంది. వాడకుండా, పెట్టుబడి పెట్టకుండా మిగిలిన సొమ్మును 180 రోజుల్లో వెనక్కి తేవాలనీ ఉంది. ఏళ్ల తరబడి మినిమం బ్యాలెన్స్‌గా ఉంచేస్తానంటే ఆ నిబంధన దగ్గర చిక్కు వస్తుంది. ఇంకొకటి, ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. మీరు 12 లక్షలు పంపితే 40 వేలు అక్కడికక్కడే ఆగిపోతాయి. రిటర్నులో సర్దుబాటు అవుతుంది నిజమే, కానీ ఇప్పుడు మీకు 40 వేలు తక్కువ మొత్తమా?

మరి బిల్లు ఎలా కట్టాలి? ఖాతా లేకుండానే కట్టొచ్చు. మీ భవనానికి సర్వీస్ ఛార్జీలు జమయ్యే ఖాతా వివరాలు ఇన్వాయిస్ మీదే ఉంటాయి. ఆ ఇన్వాయిస్, టైటిల్ డీడ్ (ఫ్లాట్ మీదేనని చూపే పత్రం) కాపీ, పాన్ తీసుకుని మీ జీతం పడే బ్యాంకు బ్రాంచికి వెళ్లి విదేశాలకు డబ్బు పంపే ఫారం ఏ2 నింపి నేరుగా పంపండి. పంపేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవారివే అన్న ఆప్షన్ అడిగి పెట్టించండి. అది పెట్టకపోతే మధ్యలో ఉండే బ్యాంకు తన వాటా కోసుకుంటుంది. 3,360 పంపితే అక్కడ 3,290 పడుతుంది, మిగతా 70 దిర్హాములకు మీ పేరు మళ్లీ బాకీ జాబితాలో కనిపిస్తుంది. రెఫరెన్స్ గడిలో యూనిట్ నంబరు, ఇన్వాయిస్ నంబరు రాయించడం మరిచిపోవద్దు. వచ్చే ఏడాది నుంచి నాలుగు విడతలు కాకుండా ఒకేసారి కట్టండి, పంపిన ప్రతిసారీ పడే ఫీజులు మిగులుతాయి.

ఇది మాత్రం ఈ వారమే చేయండి. దుబాయ్‌లో సర్వీస్ ఛార్జీ ఎగ్గొట్టడం మన అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ ఆలస్యం చేయడం లాంటిది కాదు. 2019 నాటి ఉమ్మడి యాజమాన్య చట్టం ప్రకారం నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో కట్టకపోతే వ్యవహారం అద్దె వివాదాల కేంద్రానికి వెళ్తుంది. ముదిరితే ఫ్లాట్ వేలం దాకా పోవచ్చు.

బావమరిది మాట దగ్గరికి వద్దాం. ఆయన మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ ఆయన అక్కడ దిర్హాములు కట్టడం, మీరు ఇక్కడ మీ అత్తగారి చేతిలో రూపాయలు పెట్టడం, దీన్ని చట్టం చూసే చూపు వేరు. అది హవాలా పద్ధతే. విదేశీ మారక చట్టం ఫెమా కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. గల్ఫ్‌లో చుట్టాలున్న మన ఇళ్లలో ఇది మామూలైపోయింది, అందుకే తప్పని కూడా అనిపించదు. ఆపేయండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

విజయవాడలో హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. ఆయనకూ దుబాయ్‌లో ఫ్లాట్, అక్కడే ఖాతా, ఖాతాలో మన లెక్కన 14 లక్షలు. ‘ఎమర్జెన్సీకి అది ఉందిగా’ అనేవారు. ఒక రాత్రి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నారు. ఇంటావిడకి ఆ ఖాతా ఉన్నట్టు తెలుసు, పాస్‌వర్డు తెలియదు. తెలిసినా ఉపయోగం లేదు, ఆ బ్యాంకు యాప్ ఆయన ముఖం చూపిస్తేనే తెరుచుకుంటుంది. ఆయన ఐసీయూలో మాస్కుతో ఉన్నారు. తెల్లారేసరికి ఆవిడ నాలుగు గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టారు. ఆయన కోలుకుని వచ్చాక నాతో చెప్పిన మొదటి విషయం ఆ గాజుల గురించే.

కోలుకున్నారు కాబట్టి సరిపోయింది. ఖాతాదారు చనిపోయినట్టు తెలిస్తే అక్కడి బ్యాంకులు ఖాతాను నిలిపేస్తాయి. అక్కడి కోర్టు నుంచి వారసత్వ ఉత్తర్వు తెచ్చేదాకా పైసా కదలదు. కానీ సర్వీస్ ఛార్జీ మాత్రం ఆగదు, క్వార్టర్‌కి క్వార్టర్ వస్తూనే ఉంటుంది. అప్పుడు ఆ బిల్లు కట్టాల్సింది ఇక్కడున్న మీ ఆవిడ, ఇక్కడి డబ్బుతో.

కాబట్టి మీ ఎమర్జెన్సీ ఫండ్ ఇక్కడే ఉండాలి, మీ ఆవిడ చేతికి అందేలా ఉమ్మడి పేరుతో ఉండాలి. ఎంత? నెలకు 1.25 లక్షల చొప్పున ఆరు నెలలకు 7.5 లక్షలు. దీనికి తోడు, బయట ఇల్లున్నవాళ్లకు నేను ఇంకో ఏడాది ఖర్చు వేరుగా పెట్టమంటాను. మీ ఫ్లాట్‌కి సర్వీస్ ఛార్జీ, అక్కడి ‘దేవా’ సంస్థకు కట్టే కరెంటు నీళ్ల బిల్లు, చిన్న రిపేర్లు కలిపి ఏడాదికి 10 వేల దిర్హాములు వేసుకోండి, 2.4 లక్షలు. ఖాళీ ఫ్లాట్‌కి కరెంటు బిల్లు ఏముంటుందని అనుకోవద్దు. ఎండాకాలం ఏసీ పూర్తిగా ఆపేస్తే అక్కడి ఉక్కకి గోడలకూ పరుపులకూ బూజు పడుతుంది, ఆ పెయింటింగ్ ఖర్చు కరెంటు బిల్లుకి ఎన్నో రెట్లు.

మొత్తం 9.9 లక్షలు కావాలి. ఎఫ్‌డీలోంచి బాకీ 80 వేలు కట్టేస్తే 3.2 లక్షలు మిగులుతుంది. ఇంకా 6.7 లక్షలు జమ చేయాలి. సిప్ కొన్నాళ్లు ఆపండి. సిప్ ఆపమని నేను అరుదుగా చెబుతాను, మీకు చెబుతున్నాను. నెలకు మిగిలే 40 వేలూ ఇందులో వేస్తే 17 నెలలు పడుతుంది, బోనస్ వస్తే ఇంకా ముందే. ఒకే చోట పెట్టకుండా కొంత స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకి ముడిపడి ఉండే ఎఫ్‌డీ), కొంత లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. దుబాయ్ వాటా 2.4 లక్షలకు వేరే ఎఫ్‌డీ పెట్టి, దాని మీద ‘ఫ్లాట్’ అని రాసుకోండి. ఇంటి ఖర్చుకి దాన్ని ముట్టుకోకూడదు.

బీమా సంగతి ఇంకా దారుణంగా ఉంది. 34 లక్షల లోన్ నెత్తిన పెట్టుకుని 10 లక్షల పాలసీతో ఎలా నిద్రపడుతోందండీ? కనీసం 1.5 కోట్ల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) వెంటనే తీసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. కుటుంబానికి సొంతంగా 10 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) ఉండాలి. అమ్మానాన్నలకు వేరే పాలసీ చూడండి, వాళ్లని మీ ఫ్లోటర్‌లో కలపొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. ఇంకా ఎదురు చూడటానికి కారణం లేదు. ఈ ప్రీమియం వల్ల ఎమర్జెన్సీ ఫండ్ నిండడం రెండు మూడు నెలలు ఆలస్యమైనా పర్లేదు.

పన్ను విషయం మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. దుబాయ్‌లో అద్దె మీద పన్ను లేదని మీరు ఇక్కడ చూపించలేదేమోనని నా అనుమానం. ఇక్కడ నివాసి అయిన మీకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోను మిగతాది చూపాలి. అది బావమరిది ఖాతాలో పడినా మీ ఆదాయమే. విదేశీ ఆస్తి ఉన్నవాళ్లు ఐటీఆర్-1 వేయకూడదు. ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏ నింపి ఫ్లాట్ వివరాలు ఇవ్వాలి, రేపు ఖాతా తెరిస్తే దాన్నీ అందులో చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఈ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు కానీ ఇళ్లూ స్థలాలూ అందులోకి రావు. అక్కడి బ్యాంకు ఖాతాల సమాచారం మన ఆదాయపన్ను శాఖకు ఏటా దానంతటదే వస్తుంది. 2022 నుంచి వేసిన రిటర్నులన్నీ పట్టుకుని విదేశీ ఆస్తుల వ్యవహారం తెలిసిన ఆడిటర్ని కలవండి, ఈ నెలలోనే.

ఖాతా అసలే వద్దని అనడం లేదు. అక్కడ అద్దె చెక్కుల రూపంలో వస్తుంది. అవి మీ పేరు మీద తీసుకుని జమ చేయాలంటే ఏదో ఒకనాటికి ఖాతా కావాలి. అద్దెకు మనిషి దొరికాక తెరవండి. నాన్ రెసిడెంట్లకు సాధారణంగా చెక్‌బుక్ లేని సేవింగ్స్ ఖాతానే ఇస్తారు. పాస్‌పోర్టు, టైటిల్ డీడ్, ఆరు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. మినిమం బ్యాలెన్స్ బదులు నెలవారీ ఫీజు తీసుకునే ఖాతా ఉందా అని ముందు అడగండి. వచ్చిన అద్దెలోంచి బిల్లులు కట్టి, మిగిలింది ఇక్కడికి తెచ్చుకోండి. దుబాయ్‌లో రిజిస్టరైన వీలునామా కూడా రాయించండి, అక్కడి డీఐఎఫ్‌సీ (దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం) రిజిస్ట్రీలో ముస్లిమేతరులకు ఆ సదుపాయం ఉంది.

ఆరు నెలల్లో అద్దెకు ఎవరూ రాకపోతే ధర చూసుకుని అమ్మేయడం మంచిది.

ఈ వారం బ్రాంచికి వెళ్లి 3,360 దిర్హాములు పంపి, రసీదు మీ ఆవిడకి కూడా వాట్సాప్ చేయండి. టైటిల్ డీడ్, ఇన్వాయిస్‌లు, ఎవరికి ఎలా కట్టాలో ఒక కాగితం, అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆవిడకి చూపించండి. టర్మ్ పాలసీ చేతికొచ్చి, నిల్వ 5 లక్షలు దాటాక ఖాతా సంగతి మళ్లీ రాయండి. అప్పుడు ఏ బ్యాంకు మేలో చూద్దాం.