ఆఖరి స్టాండు నుంచి: ఏ ఆర్కెస్ట్రా ఎందుకు వేరు?

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబు రాస్తూ, "సింఫనీ ఆర్కెస్ట్రాలన్నీ ఒకలాగే వినిపిస్తాయని అనేవాళ్ళు సరిగ్గా వినలేదన్నమాట" అని నోరు జారాను. దాని మీద సంచీడు ఉత్తరాలు వచ్చాయి. కొన్ని ప్రశ్నలు, కొన్ని దెబ్బలాటలు. ఈ నెలంతా వాటికే. సింఫనీ ఆర్కెస్ట్రా అంటే వంద మంది దాకా కలిసి వాయించే పాశ్చాత్య వాద్యబృందం. సింఫనీ అంటే ఆ బృందం కోసం రాసిన, కొన్ని భాగాలున్న పెద్ద రచన.

కొత్త పాఠకులకు ఒక్క మాట. మద్రాసు సినిమా రికార్డింగుల్లో ఇరవై ఆరేళ్ళు వయొలిన్ వాయించాను. వయొలిన్లని రెండు జట్లుగా కూర్చోబెడతారు. రెండో వయొలిన్లలో ఆఖరి స్టాండు నాది. స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు అది, ఒక్కోదానికి ఇద్దరం కూర్చుంటాం. లోపలివైపు కూర్చున్నవాడు పేజీలు తిప్పాలి. ఆ తిప్పేవాణ్ణి నేనే. కాబట్టి నా అభిప్రాయాలన్నీ ఆ కుర్చీలోంచి చూసినవి.

*మాస్టారూ, ఇంటర్నెట్‌లో ఏ జాబితా చూసినా బెర్లిన్ ఫిల్హార్మోనిక్, వియన్నా ఫిల్హార్మోనిక్ మొదటి రెండు స్థానాల్లో ఉంటున్నాయి. నాకు రెండూ బాగానే ఉన్నాయి. తేడా ఏమిటి? మీ ఓటు దేనికి?*
*— రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం*

తేడా తెలియాలంటే ఆ రెండూ ఎలా పుట్టాయో, ఎలా నడుస్తాయో చూడండి. వియన్నా ఫిల్హార్మోనిక్‌లో నేరుగా ఉద్యోగం దొరకదు. ముందు వియన్నా స్టేట్ ఒపేరా ఆర్కెస్ట్రాలో చేరాలి. అక్కడ మూడేళ్ళు వాయించాక ఫిల్హార్మోనిక్ సభ్యత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. అంటే ఆ వేదిక మీద కనపడే వాళ్ళంతా మామూలు రోజుల్లో సాయంత్రం కాగానే పిట్‌లో, అంటే వేదిక ముందున్న గోతిలో, కూర్చుని గాయకులకి పక్కవాద్యం వాయించేవాళ్ళే. పైన పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో చెవితో పట్టుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. అందుకే సింఫనీ వాయిస్తున్నా ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది. మన కచేరీల్లో ముప్పై ఏళ్ళు పక్కవాద్యం వాయించిన వయొలిన్ విద్వాంసుడు సోలో చేస్తే సాహిత్యం వినిపించినట్టు ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

పైగా వాళ్ళ వాద్యాలే వేరు. ఓబో (సన్నాయి లాంటిది) వేరు. హార్న్ (చుట్ట తిరిగిన ఇత్తడి బూర) వేరు, పాతకాలపు ఎఫ్ హార్న్. సన్నటి గొట్టం, పంపు లాంటి వాల్వులు. స్వరం మీంచి స్వరానికి జారితే అతుకు తెలియదు. కానీ పట్టు తప్పిందా, హాలంతా వినేలా పగులుతుంది. టింపనీలకి, అంటే పెద్ద డోళ్ళకి, ఇప్పటికీ మేకతోలే. శ్రుతి కూడా 443 హెర్ట్జ్ దగ్గర, అంటే మామూలు 440 కన్నా ఒక పిసరు పైన. 1842లో పుట్టిన సంస్థ. 1933 నుంచి శాశ్వత కండక్టరే లేడు. ఎవరిని పిలవాలో వాయించేవాళ్ళే నిర్ణయించుకుంటారు. కండక్టర్లు వస్తారు, పోతారు. ధ్వని మాత్రం ఇంటివాళ్ళది. ఇంత ఇంటిపట్టు వల్ల చెడ్డా జరిగింది. 155 ఏళ్ళ తర్వాత, 1997లో గానీ ఒక మహిళకి సభ్యత్వం ఇవ్వలేదు. అప్పటికే ఆవిడ ఏళ్ళ తరబడి వాళ్ళతో హార్ప్ వాయిస్తూనే ఉంది!

బెర్లిన్ వాళ్ళది పుట్టుకే తిరుగుబాటు. 1882లో బిల్జె అనే బ్యాండు యజమాని వార్సా కచేరీకి నాలుగో తరగతి రైలు పెట్టెలో ఎక్కమన్నాడు. 54 మంది లేచి బయటికొచ్చి సొంతంగా ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. ఆ పౌరుషం ఇంకా పోలేదు. కొత్తగా చేరినవాడిని ఒకటి రెండేళ్ళు చూసి ఓటు వేస్తారు, మూడింట రెండొంతుల మంది సరే అనాలి. 1980ల మొదట్లో కరయాన్ అంతటి కండక్టరు సబీనె మేయర్ అనే క్లారినెట్ కళాకారిణిని తీసుకుందామంటే 73 మంది వద్దన్నారు, నలుగురు సరేనన్నారు. కండక్టర్ని ఎన్నుకునేదీ వాళ్ళే. 2015 మే నెలలో రోజంతా తలుపులేసుకుని కూర్చుని కూడా తేల్చుకోలేక ఇళ్ళకి వెళ్ళిపోయారు. జూన్‌లో మళ్ళీ కూర్చుని కిరిల్ పెట్రెంకోని ఎన్నుకున్నారు.

నేను బెర్లిన్ హాలుకి వెళ్ళలేదు, వీడియోలే చూశాను. 2008 నుంచి చందా కట్టించుకుని కచేరీలు ఇంటర్నెట్‌లో చూపిస్తున్నారు. మా అబ్బాయి చందా కట్టి పెట్టాడు. నా కళ్ళు ఎటు పోతాయో మీకు తెలుసు కదా, ఆఖరి స్టాండు మీదికే. ప్రపంచంలో చాలా చోట్ల ఆఖరి స్టాండు వాళ్ళు ముందువాళ్ళని చూసి జాగ్రత్తగా వాయిస్తారు. మేమూ అంతే. బెర్లిన్‌లో ఆఖరి స్టాండు మనిషి ఒళ్ళంతా ఊపుతూ, తనే సోలో అన్నట్టు బో (వయొలిన్ కమాను) లాగేస్తాడు. బేసుల (అన్నిటికన్నా పెద్ద వయొలిన్ల లాంటివి) వరస భూమిలోంచి లేచినట్టు ఉంటుంది. ఆ ధ్వనికి బరువు అక్కడి నుంచే.

నా ఓటా? బెర్లిన్‌ని చూస్తాను, వియన్నాని వింటాను. 2011లో మా అబ్బాయి వియన్నాలో ఉన్నప్పుడు ముసిక్‌ఫెరైన్ హాల్లో నిలబడే టికెట్టు కొన్నాను. హాలు వెనక కటకటాల దగ్గర నిలబడాలి. చోటు పట్టుకోవడానికి అందరూ మఫ్లర్లు కడుతుంటే నేను కండువా కట్టాను. బ్రామ్స్ రెండో సింఫనీ. నా ముందు ఆరడుగుల మనిషి, నాకేమీ కనపడలేదు. చెల్లోలు (మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్లు) రెండో భాగం మొదలుపెట్టాయి. ఇక కనపడకపోతేనేం అనుకున్నాను. 1870లో కట్టిన హాలు అది, చెప్పుల పెట్టెలా పొడుగ్గా, చెక్కా సున్నమూ. అక్కడ వియన్నావాళ్ళు గట్టిగా వాయించనక్కర్లేదు. హాలే సగం వాయిస్తుంది.

*ఆర్కెస్ట్రా అంటే పెళ్ళిళ్ళలో పాటలు పాడేవాళ్ళే కదండీ? దీనికింత చర్చ ఎందుకు?*
*— పేరు రాయలేదు, తణుకు*

వాళ్ళూ ఆర్కెస్ట్రాయే. నాకు మొదటి పారితోషికం ఇచ్చింది వాళ్ళే, పాలకొల్లులో ఒక పెళ్ళిలో. నలభై రూపాయలు, రెండు అరిసెలు. తేడా ఏమిటంటే అక్కడ కరెంటు పోతే పాట ఆగిపోతుంది.

*అంకుల్, నేను మూడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. మీరంటున్న తేడా నా చెవికి అందడం లేదు. టెన్షన్‌గా ఉంది. నాకు చెవి లేదా?*
*— డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం*

చెవి ఉందమ్మా, పరీక్షే తప్పుగా పెట్టుకున్నావు. రెండు ఆర్కెస్ట్రాలు, ఇద్దరు కండక్టర్లు, రెండు వేరు వేరు సింఫనీలు పెట్టుకుని వింటే ఏ తేడా ఎవరిదో ఎలా తెలుస్తుంది? వంకాయ కూరనీ చేపల పులుసునీ పక్కపక్కన పెట్టి ఎవరి చేతి వంట బాగుందని అడిగినట్టు.

ఇలా చెయ్యి. జార్జ్ సెల్ అనే కండక్టరు బీథోవెన్ అయిదో సింఫనీని క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో 1963లో రికార్డు చేశాడు. అదే సింఫనీని 1966లో ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాతో మళ్ళీ చేశాడు. మనిషి ఒకడే, మూడేళ్ళే ఎడం. మొదటి నిమిషం ఒకదాని తర్వాత ఒకటి పది సార్లు విను. ఫోన్ స్పీకర్లో వద్దు, ఇయర్‌ఫోన్ పెట్టుకో.

క్లీవ్‌లాండ్‌లో ఆ తొలి నాలుగు స్వరాలూ కత్తితో కోసినట్టు ఉంటాయి. స్వరం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించొచ్చు. నలుగురు కూర్చుని వాయించే క్వార్టెట్‌ని వంద మందికి పెంచినట్టు ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే కోత ఉంది, కానీ కోసిన చోట కొంచెం నూనె రాసినట్టు మెరుపు. వుడ్‌విండ్స్ (క్లారినెట్, ఓబో లాంటివి) ముదురు రంగులో, స్ట్రింగ్స్ (వయొలిన్ జాతి వాద్యాలు) లోపలి నుంచి వస్తాయి. స్వరం ఆగాక కూడా గాలిలో కాసేపు ఉంటుంది. అది 1888లో కట్టిన ఆ హాలు చేసే పని. జనం నిండా ఉన్నా అక్కడ ధ్వని ఆరిపోవడానికి రెండు సెకన్ల పైనే పడుతుంది. చిత్తడి నేలలో చెక్క గుంజలు దిగ్గొట్టి కట్టారు దాన్ని. 1980లలో ఆ గుంజలు పాడైపోయి హాలు కుంగుతుంటే కింద పునాది మార్చారుగానీ పైన హాలుని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో ఆ ఒక్క నిమిషం వింటే తెలుస్తుంది. ఆ హాల్లో వందేళ్ళు వాయించినవాళ్ళకి స్వరాన్ని తొందరగా వదిలేయాలని ఎందుకనిపిస్తుంది?

పదోసారికీ తేడా తెలియకపోతే మళ్ళీ ఉత్తరం రాయి. తెలుస్తుందిలే.

*ఫిలడెల్ఫియా స్ట్రింగ్స్, షికాగో బ్రాస్ అంటారు. నిజమా, పాత గొప్పలా?*
*— కీబోర్డు వాయిద్యకారుడు, హైదరాబాద్*

పుట్టింది నిజంలోంచే. ఫిలడెల్ఫియా వాళ్ళు చాలాకాలం వాయించింది 1857 నాటి ఒపేరా హాల్లో. అక్కడ ప్రతిధ్వని తక్కువ, ధ్వని పొడిగా ఉండేది. హాలు ఇవ్వని నిడివిని చేత్తో ఇవ్వాలి కదా. స్టొకోవ్‌స్కీ అనే కండక్టరు ఒక పని చేశాడు. అందరి బోలూ ఒకేసారి పైకీ కిందికీ పోనక్కర్లేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు మార్చుకోండి అన్నాడు. ఒకడి బో తిరిగే చోట ఇంకొకడిది సాగుతూ ఉంటుంది, కాబట్టి అతుకు కనపడదు. మద్రాసులో మేమలా చేసుంటే సాయంత్రానికల్లా ఇంటికి పంపేసేవాళ్ళు! మాకు అప్ బో (కమాను పైకి) అంటే ముప్పై మందికీ అప్ బోనే. ఆ తర్వాత వచ్చిన ఆర్మండీ తనే వయొలిన్ వాయించినవాడు. 1936 నుంచి 1980 దాకా ఉండి ఆ ధ్వనిని కాపాడాడు. 2001లో కొత్త హాలుకి మారారు. ఇప్పుడు ఆ ధ్వని మునుపంత చిక్కగా లేదని నా చెవికి అనిపిస్తుంది. కొట్లాటకి రావద్దు.

షికాగో బ్రాస్‌కి, అంటే ఇత్తడి బూరలకి, ఒక్క పేరు చాలు. అడాల్ఫ్ హెర్సెత్, 1948 నుంచి 2001 వరకూ మొదటి ట్రంపెట్ కుర్చీ ఆయనదే. యాభై మూడేళ్ళు ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయనలాగే ఊపిరి తీస్తారు. షికాగోవాళ్ళని రైనర్ కండక్ట్ చేసిన, బార్తోక్ రాసిన 'కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా', 1955 రికార్డు, వినండి.

*మేం కొలంబస్‌లో ఉంటాం. క్లీవ్‌లాండ్ రెండు గంటల ప్రయాణం. అంత దూరం వెళ్ళి వినాల్సినంత ఉందా, లేక యూట్యూబ్ చాలా? మావారు యూట్యూబే అంటున్నారు.*
*— ఒక గృహిణి, ఒహాయో*

అమ్మా, మీవారిని కారు తీయమనండి. మా అమ్మాయి కూడా ఒహాయోలోనే ఉంటుంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. సెవరెన్స్ హాలు 1931లో కట్టింది, మరీ పెద్దది కాదు. ఎక్కడ కూర్చున్నా వేదిక దగ్గరగానే ఉన్నట్టుంటుంది. న్యూయార్క్, షికాగోలతో పోలిస్తే చిన్న ఊరు. అలాంటి ఊళ్ళో ఇలాంటి ఆర్కెస్ట్రా ఉండటమే వింత. 1946 నుంచి 1970లో చనిపోయేదాకా సెల్ దాన్ని చెక్కాడు. మహా చండశాసనుడు. ఆయన పోయిన పద్నాలుగేళ్ళకి వచ్చిన దోనాన్యీ అనే కండక్టరు, మేం మంచి కచేరీ చేస్తే మెచ్చుకోలు సెల్‌కి పోతోందని వాపోయాడట. నాకు నవ్వొచ్చింది గానీ, విన్నాక అనిపించింది, ఆ ఫిర్యాదు ఇంకో యాభై ఏళ్ళయినా తీరదని.

నేను వెళ్ళిన రోజు మోజార్ట్. రెండో వయొలిన్లలో ఆఖరి స్టాండుని గంటన్నర చూశాను. లోపలివైపు మనిషి పేజీ తిప్పడం ఒక్కసారి కూడా వినపడలేదు. మీకిది చిన్న విషయం. నేను ఇంటికొచ్చి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

చప్పట్లు భాగానికీ భాగానికీ మధ్య కొట్టరు, చివర్లోనే. పొరపాటున కొట్టినా ఎవరూ ఏమీ అనరు. చీర కట్టుకుని వెళ్ళొచ్చు. దగ్గు బిళ్ళలు తీసుకెళ్ళండి, కాగితం మాత్రం ముందే విప్పేసుకోండి.

*మన దేశంలో ఇలాంటిది ఒక్కటైనా లేదా?*
*— ఉపాధ్యాయుడు, కరీంనగర్*

ఉంది. ముంబయిలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, 2006లో మొదలైంది. నడిపించింది కజక్‌స్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాట్ బిసెంగలియెవ్. 2019లో బ్రిటన్ అంతా తిరిగి వాయించి వచ్చారు. చాలా కుర్చీల్లో విదేశీయులే కూర్చున్నారని కొందరు ఎత్తిపొడుస్తారు. పిల్లలకి పాఠాలు చెప్పడం కూడా వాళ్ళే మొదలుపెట్టారు, ఆ పిల్లలు ఎదిగేదాకా ఆగుదాం. ఆ ఊరి నుంచే జుబిన్ మెహతా 1954లో వియన్నా వెళ్ళాడు. తర్వాత వియన్నావాళ్ళ కొత్త సంవత్సరం కచేరీని అయిదు సార్లు నడిపించాడు. అంటే మొదటి కుర్చీకి ముందు కండక్టరు నిలబడే మెట్టు మనవాడు ఎప్పుడో ఎక్కాడు. కుర్చీలే ఖాళీగా ఉన్నాయి.

*మన సినిమాల నేపథ్య సంగీతం బుడాపెస్ట్ పంపి వాయించుకొస్తున్నారు. మీలాంటివాళ్ళు వాళ్ళకన్నా తక్కువా?*
*— సినిమా అభిమాని, గుంటూరు*

ఈ ప్రశ్న మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా వస్తుంది, మా తమ్ముడు అడుగుతాడు.

ఒక విషయంలో తక్కువే, ఒప్పుకోవాలి. చూడగానే వాయించడం. లండన్ వాళ్ళు దీనికి పేరుమోసినవాళ్ళు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా కథ వినండి. అక్కడ వాయించేవాడు ఎక్కువ డబ్బులొచ్చే పని తగిలితే తన బదులు ఇంకొకరిని పంపేవాడు. రిహార్సల్‌కి ఒకడు, కచేరీకి ఇంకొకడు! హెన్రీ వుడ్ అనే కండక్టరు ఇక బదులు మనుషులు కుదరదన్నాడు. అలిగి బయటికొచ్చినవాళ్ళు 1904లో పెట్టుకున్నదే ఈ ఆర్కెస్ట్రా. ఆనాటి నుంచి ఈనాటి దాకా వాళ్ళది అదే చురుకు. ఏ కాగితం ముందు పెట్టినా తొలిసారే దాదాపు రికార్డుకి పనికొచ్చేలా వాయిస్తారు. 1977లో 'స్టార్ వార్స్' సంగీతం వాయించింది వాళ్ళే. గంటల లెక్కన డబ్బు కట్టే నిర్మాతకి అంతకన్నా ఏం కావాలి?

మాకు బదులు మనుషుల్ని పంపడం వాళ్ళలాగే బాగా వచ్చు. కాగితం చదవడం మాత్రం అందరికీ అంతగా రాదు. కానీ గమకం ఉన్న చోట, పాడేవారి గొంతు జారిన చోటల్లా వెంట జారాల్సిన చోట, ముప్పై వయొలిన్లు ఒకటిగా కదలడం మద్రాసులో విన్నాను. నొటేషన్‌లో అక్కడ వట్టి గీత మాత్రమే ఉంటుంది. ఆ గీతని బుడాపెస్ట్‌వాళ్ళు గీతలాగే వాయిస్తారు, తప్పు వాళ్ళది కాదు.

నా సంగతి చెబుతాను. ఒక స్టూడియోలో మధ్యాహ్నం కాల్షీట్, భోజనం తర్వాత. ఎర్రలైటు వెలిగింది, టేక్. నేను రెండు పేజీలు కలిపి తిప్పేశాను. నా పక్కన ఉన్నాయన, చనిపోయాడు పాపం, కాగితం వైపు చూడకుండానే ఎనిమిది బార్లు (మన ఆవర్తనాల్లాంటివి) వాయించేశాడు, పొద్దుటి రిహార్సల్ జ్ఞాపకంతో. నేను ఆయన బో చూస్తూ వెంటపడ్డాను. టేక్ ఓకే అయింది. ఆ పాట ఇప్పటికీ రేడియోలో వస్తుంది. రెండో చరణానికి ముందు సెకండ్ వయొలిన్స్ కాస్త పలచగా ఉంటాయి, విని చూడండి. పాట పేరు మాత్రం అడగొద్దు.