చేతులు లేసులో ఉన్నా నోరు ఖాళీయేగా!

(పసిపిల్లల పెంపకం మీద పాఠకుల ప్రశ్నలకు, కోనసీమలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన పెద్దమ్మ జవాబులు)

ప్రశ్న: పెద్దమ్మగారూ, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా బాబుకి 8 నెలలు. మా ఆయన కువైట్‌లో ఉంటారు. నేనూ మా అత్తయ్యగారూ ఇంట్లో లేసు అల్లుతాం. బాబు పేచీ పెడితే ఫోన్‌లో ఇంగ్లీషు పాటలు పెట్టి ముందు పెడతాను. గంటసేపు కదలడు. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి ఫ్లాష్ కార్డులు పంపింది. వాళ్ళ పాప ఏడాదికే జంతువులన్నీ గుర్తుపట్టిందట. మావాడు కార్డు ఇస్తే తిన్నగా నోట్లో పెట్టుకుంటున్నాడు. వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో వాడికి ఏం నేర్పాలి?

జవాబు: నోట్లో పెట్టుకోవడమే అమ్మా, ఆ వయసు చదువు. గరుకో నునుపో, మెత్తనో గట్టో ముందు నోటితోనే తెలుసుకుంటారు. అట్టముక్క మీద ఏనుగు బొమ్మ చూస్తే మీవాడికి ఏనుగు సంగతి ఏం తెలుస్తుంది? పెరట్లో కోడిపెట్టని చూపించండి. అది నడుస్తుంది, అరుస్తుంది, దగ్గరికెళ్తే పారిపోతుంది. మీ ఆడపడుచు మనసు నొచ్చుకోకుండా ఆ కార్డులు అటక మీద పెట్టేయండి. రెండేళ్ళు దాటాక కథలు చెప్పడానికి పనికొస్తాయి.

నాకు కంగారు పుట్టింది కార్డుల గురించి కాదు, 'గంటసేపు కదలడు' అన్న మాట దగ్గర. ఎనిమిదో నెలలో కదలడమే వాడి పని. దొర్లాలి, పాకాలి, అందని దానికోసం చెయ్యి చాచి బోల్తా పడాలి. రెండేళ్ళు నిండేదాకా పిల్లలకి స్క్రీన్ వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఏడాదిలోపు పిల్లలకి అసలే వద్దంది.

ఇంగ్లీషు పాటలు వింటే ఇంగ్లీషు వస్తుందనుకుంటారు. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఈ సంగతే పరీక్షించి చూసింది. 9 నెలల పిల్లల్లో కొందరితో ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఆడిస్తూ చైనా భాష మాట్లాడింది. కొందరికి అలాంటి మాటలే వీడియోలో చూపించారు. మనిషి దగ్గర విన్నవాళ్ళు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్ళకి ఏమీ పట్టుబడలేదు. ఫోన్ ఎంత మాట్లాడినా, మీవాడు నవ్వాడా, విసుక్కున్నాడా అని చూసుకోదు కదా.

ఇంకో సంగతి చెబుతాను, నాకు భలే ఇష్టమైనది. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు హిందీలోని 'ట', 'త' ధ్వనుల్ని ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పిల్లలకి వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడ్డ పిల్లలకి మాత్రం చాలావరకు ఆ నేర్పు పోయింది, ఇంట్లో ఆ తేడా వినబడదు కాబట్టి. మీవాడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. 'తాతకి టాటా చెప్పు' అంటే చాలు, ఒక్క మాటలో రెండు ధ్వనులూ వాడి చెవిన పడతాయి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగే వాడికిప్పుడు పాఠం. ఇంగ్లీషు ఎక్కడికీ పోదు.

ఇక మీ అసలు ఇబ్బంది నాకు తెలుసు. లేసు పని ఆగితే డబ్బులు ఆగుతాయి. పిల్లాణ్ణి ఆడించడానికి వేరే టైమ్ తీయమని నేను చెప్పను. చేతులు లేసులో ఉన్నా నోరు ఖాళీయేగా! చాప పక్కనే వేసి కూర్చోండి. "ఇదిగో దారం లాగుతున్నా. అబ్బో, ఉండ దొర్లిపోయింది! ఎక్కడికి పోయిందిరా?" అని అడిగి, ఆగండి. ఈ ఆగడం దగ్గరే మనవాళ్ళు తప్పిపోతారు. నేను ఇళ్ళకి తిరిగిన రోజుల్లో చూసేదాన్ని, పసివాళ్ళని ఊపిరాడనివ్వకుండా ముద్దుచేసేవాళ్ళే గానీ, వాళ్ళ వంతు వాళ్ళకి ఇచ్చేవాళ్ళు తక్కువ. మీరు ఆగితే వాడు 'బా' అంటాడు, కాళ్ళాడిస్తాడు, ఉండ వైపు చూస్తాడు. జవాబంటే అదే. "అవును, మంచం కిందకి పోయింది" అని మీరు అందుకోండి. మళ్ళీ వాడి వంతు.

స్నానం పోసేటప్పుడు మీ అత్తయ్యగారి చేతికివ్వండి. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ 'ఇది చెయ్యి, ఇది బొజ్జ, ఇదేమో బుల్లి కాలు' అని ఆవిడ రోజూ అంటూ ఉంటే ఏ కార్డూ అక్కర్లేదు.

ఆటవస్తువులు కూడా కొనక్కర్లేదు. ఒక స్టీలు గిన్నె, చిన్న గరిటె, అంచులు నున్నగా గీకిన కొబ్బరిచిప్ప ఇవ్వండి. వేస్తాడు, తీస్తాడు, మోగిస్తాడు. మీ తలనొప్పికి నేను పూచీ కాదు. చెంచాని వాడు చూస్తుండగానే తువ్వాలు కింద దాచండి. మొన్నటిదాకా కంటికి కనబడనిది వాడి లెక్కలో లేనట్టే. ఈ నెలల్లోనే తువ్వాలు లాగి వెతకడం మొదలుపెడతారు. దోబూచులాట అంటే పిల్లలు పడిపడి నవ్వేదీ ఇప్పుడే. వేళ్ళకి పని కావాలంటే బాగా పండిన చక్రకేళి చిన్నచిన్న ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టండి. ఇప్పుడు గుప్పిటతో నలిపేస్తాడు, ఇంకో నెలా రెండు నెలల్లో బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుంటాడు. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ వేళ్ళే.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నా. లేసు సూదులు, దారం తుంపులు, చింతగింజలు, వేరుశనగ గుళ్ళు చాప దరిదాపుల్లో ఉండకూడదు. బకెట్‌లో నీళ్ళు నిలవ ఉంచొద్దు. పాకే బిడ్డకి కాలవ దాకా వెళ్ళక్కర్లేదు, బకెట్ అడుగున ఉన్న నీళ్ళు చాలు ప్రమాదానికి.

మీ ఆయన వీడియో కాల్ సంగతి అడగలేదు గానీ, అది మానొద్దు. ఎదురుగా మాట్లాడే మనిషి ఉంటాడు కాబట్టి దాని లెక్క వేరు. ఫోన్ మీరు పట్టుకోండి. ఆయన్ని బాబు పేరు పెట్టి పిలిచి, వాడు చూసేదాకా ఆగమనండి. మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దోబూచి ఆడమనండి. కాసేపు చాలు.

మన పెద్దవాళ్ళు బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు పంచారు. ఏబీసీడీలకి ఏ పిండివంటా పెట్టలేదు చూశారా!

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్ నుంచి మా మనవరాలికి వాకర్ తెచ్చాడు. పాపకి 10 నెలలు. అందులో కూర్చోబెడితే తొందరగా నడుస్తుందా? – ఒక తాతయ్య, పాలకొల్లు

జవాబు: నడవదు అన్నయ్యగారూ. అందులో మునివేళ్ళతో నెట్టుకుంటూ పోతుందే గానీ, సొంత బరువు మోస్తూ నిలదొక్కుకోవడం రాదు. పైగా క్షణంలో మెట్ల దగ్గరికో, పొయ్యి దగ్గరికో చేరిపోతుంది. కెనడాలో 2004 నుంచే వాటి అమ్మకం నిషేధం. మంచం పట్టె పట్టుకుని పక్కకి అడుగులెయ్యనివ్వండి. సొంతంగా నిలబడటం వచ్చాక మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి చేయించండి. అది తను నిలబడి తోసేది. పక్కన మాత్రం మీరు ఉండాలి.

ప్రశ్న: మా బాబుకి 16 నెలలు. ఒక్క మాటా రాలేదు. మా వంశంలో మగపిల్లలకి మాటలు ఆలస్యమేనని మా అత్తగారు అంటున్నారు. ఆగమంటారా? – ముమ్మిడివరం నుంచి

జవాబు: ఆగొద్దు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా, టాటా చెబుతున్నాడా, ఇవి గమనించి రాసిపెట్టుకోండి. ఇవన్నీ ఉన్నా సరే, ముందు వినికిడి పరీక్ష చేయించాలి. పక్కింటి కుక్క అరిస్తే ఉలిక్కిపడుతున్నాడు కదా అని సరిపెట్టుకోవద్దు. పెద్ద శబ్దాలు వినబడి, మాటలు సరిగ్గా వినబడని పిల్లలు ఉంటారు. మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల్ని ఉచితంగా చూసి పెద్దాసుపత్రికి పంపిస్తారు. తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్ళండి. ఈలోగా ఎవరు చెప్పినా చెవిలో నూనె పొయ్యకండి.