పాత కారుకు కొత్త తాళంచెవి

ప్రశ్న: మాది 2011 స్విఫ్ట్. రెండు తాళంచెవుల్లో ఒకటి పోయింది. వీధి చివర షాపులో రెండు వందలిచ్చి డూప్లికేట్ చేయించాను. తలుపు తెరుచుకుంటోంది కానీ బండి స్టార్టవడం లేదు. షోరూమ్‌లో అడిగితే వేలల్లో చెప్పారు. ఎందుకింత తేడా?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తలుపు తెరుచుకోవాలంటే పళ్లు సరిగ్గా కోసిన తాళంచెవి చాలు. ఇంజను స్టార్టవ్వాలంటే దాని ప్లాస్టిక్ పిడిలో ఉండే చిన్న చిప్ కూడా కావాలి. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది. తాళంచెవి తిప్పగానే అది చిప్‌లోని కోడ్‌ను చదువుతుంది. కోడ్ కలవకపోతే బండి కదలదు. మీకు అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఈ చిప్‌కూ, దాన్ని బండికి పరిచయం చేసే పనికీ పోతుంది.

ఒక తాళంచెవి చేతిలో ఉంది కాబట్టి ఇప్పుడే రెండోది చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో చిప్ తాళాలు చేసేవాళ్లు సుమారు 1,500 నుంచి 3,000 రూపాయల దాకా అడుగుతారు. రిమోట్ కూడా కావాలంటే ఇంకా పెరుగుతుంది. షోరూమ్ వాళ్లు చెప్పిన అంకె ఒక్క తాళంచెవికా, మొత్తం లాక్ సెట్‌కా అన్నది తప్పకుండా అడగండి. ఇగ్నిషన్, తలుపులు, డిక్కీ అన్నీ మారిస్తే బిల్లు ఎక్కడికో పోతుంది.

బేరం కుదిరేముందు ఇంకొకటి తేల్చుకోండి. చిప్‌ను క్లోన్ చేస్తారా, స్కానర్ పెట్టి ప్రోగ్రామ్ చేస్తారా? క్లోన్ అంటే ఉన్న చిప్‌కు నకలు. చవకే, కానీ పోయిన తాళంచెవి ఎప్పటిలాగే పనిచేస్తుంది. ప్రోగ్రామ్ అంటే కొత్త చిప్ కోడ్‌ను కారు మెమరీలోకి ఎక్కించడం. అప్పుడైతే పాతవాటిని ఆ మెమరీలోంచి చెరిపించి, ఉన్నవాటినే మళ్లీ ఎక్కించుకోవచ్చు. పోయింది మీ ఇంటి దగ్గరే అయితే డబ్బు ఎక్కువైనా ఇదే చేయించాలని మా సలహా. అయినా ఆ పాత తాళంచెవితో తలుపు మాత్రం తెరుచుకుంటుంది. ఆ భయం కూడా ఉంటే తలుపుల తాళాలు మార్చక తప్పదు. ప్రోగ్రామింగ్‌కు ముందు కారు బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉండాలి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఇంజనును నడిపించే కంప్యూటర్ పెట్టె పాడయ్యే ప్రమాదం ఉంది. ఆర్సీ, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి. అవి అడగకుండానే తాళాలు చేసిచ్చే చోట పని చేయించకండి.

ఉన్న ఒక్కటీ పోతే లెక్క పూర్తిగా మారుతుంది. బండిని లారీ ఎక్కించి తీసుకెళ్లాల్సి రావచ్చు. కొత్త కారుతో వచ్చిన రేకు బిళ్ల మీది తాళంచెవి నంబరు లేకపోతే తలుపు తాళం విప్పి పళ్ల కొలత తీయాలి. కొన్ని మోడళ్లలో కంప్యూటర్ పెట్టెనే విప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు పోయిన తాళంచెవి గురించి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోండి, బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపండి. రేపు కారు దొంగతనానికి గురైతే క్లెయిమ్‌కు రెండు తాళంచెవులూ చూపమంటారు. అప్పుడు ఈ రసీదే ఆధారం.

ప్రశ్న: 1998 మారుతి 800. తాళంచెవి గట్టిగా తిరుగుతోంది. డూప్లికేట్ చేయిస్తే అదీ అంతే. నూనె వేయమంటున్నారు.
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: నూనె వద్దమ్మా. దుమ్ము పట్టి జిగురుగా మారి ఇంకా బిగుస్తుంది. గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊది, తాళంచెవిని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. మీ బండి తాళంచెవిలో చిప్ ఉండదు, కాబట్టి ఖర్చు వందల్లోనే తేలుతుంది. అయితే అరిగిన తాళంచెవికి నకలు తీస్తే ఆ అరుగుదలా నకలవుతుంది. బీరువాలో వాడకుండా పెట్టిన రెండోది ఉంటే దాన్ని చూపించి కోయించండి. బండి నడుస్తుండగా తాళంచెవి ఊడి చేతికొస్తోందంటే మాత్రం ఇగ్నిషన్ తాళం లోపలి భాగాలు అరిగాయని అర్థం. అలాంటి బండిని నడపకండి, ఇగ్నిషన్ మార్పించండి. తలుపులకు ఒకటి, ఇగ్నిషన్‌కు ఒకటి, రెండు తాళంచెవులు మోయడం ఇబ్బంది కాకపోతే లాక్ సెట్ మొత్తం కొననక్కర్లేదు.

ప్రశ్న: పాత రిమోట్ తాళంచెవి పగిలిందని కొత్త కేస్ వేయించాక కారు స్టార్టవడం లేదు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పగిలిన కేస్ పారేయలేదు కదా? చిప్ దాంట్లోనే ఉండిపోయి ఉంటుంది. రిమోట్ సర్క్యూట్‌కు ఇది వేరు, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. పిడి మూలన అతికించి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పగులుతుంది, బ్లేడుతో చుట్టూ జాగ్రత్తగా కోసి తీయించండి.